ఫకీరు బిచ్చం

మా అత్తకు దేవుడైతే చాలు, ఎవరి దేవుడని అడగదు. నాకు వరసగా కాన్పులు నిలవకపోయేసరికి ఆమె గుట్టల మీది దేవుళ్లను, పొలిమేరల్లోని అమ్మవార్లను, ఆఖరికి ఊరిచివర ఆశుర్‌ఖానాలో ఏడాదంతా పెట్టెలో పడుకునే పీర్లను కూడా వదల్లేదు. మిగతా దేవుళ్లకు కొబ్బరికాయలూ కోళ్లూ ఒప్పుకుంది. పీర్లకు మాత్రం ఏకంగా పుట్టబోయే బిడ్డనే ఒప్పుకుంది. మగపిల్లవాడు పుట్టి బతికి బట్టకడితే ఏటా మొహర్రంలో వాడిని ఫకీరును చేస్తానని మొక్కింది. నన్ను ఎవరూ అడగలేదు. నేనప్పుడు గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాను.

ఫకీరు కావడమంటే తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. మా రాయచూరు పల్లెల్లో పీర్ల పండుగ ముస్లింలదీ కాదు, హిందువులదీ కాదు, ఊరిది. మా ఊళ్లో ముస్లిం ఇళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. గుండం తవ్వేది, డప్పు కొట్టేది, పీర్లను ఎత్తుకుని ఆడేది అంతా మావాళ్లే. మొక్కు ఉన్న పిల్లల మెడలో పీర్లకు సేవ చేసే ముజావరు రంగుదారం కడతాడు, నొసట ఊదు బూడిద పెడతాడు, చేతికి నెమలీకల కట్ట ఇస్తాడు. అప్పటినుంచి పండుగ ముగిసేదాకా ఆ పిల్లవాడు ఫకీరు. జోలె వేసుకుని ఐదిళ్లకు పోయి అడుక్కోవాలి. ఎంత భూమి ఉన్న ఆసామి కొడుకైనా అడుక్కోవలసిందే. ఏ ఇల్లాలూ లేదనకూడదు. అలా వచ్చిన జొన్నలు, బెల్లం, కుడుకలు ఇంట్లో ఉంచుకోకూడదు, అమ్మకూడదు. మలీద ముద్దలు చేసి, ముజావరు ఫాతెహా చదివాక ఊరికి పంచాలి. అడిగి తెచ్చిన ఫకీరుకు కూడా అందరితోపాటు ఒక ముద్దే.

నేను మక్తల్ వైపు నుంచి వచ్చినదాన్ని. మా నాన్న బడిపంతులు, ఇలాంటి మొక్కుబడులను గడప తొక్కనిచ్చేవాడు కాదు. తెలుగులో డిగ్రీ చదువుకుని, బస్సుల మీద, బడి మీద కన్నడం రాసి ఉండే ఊరికి కోడలిగా వచ్చి పడ్డాను. ఇడపనూరు దాటితే మా ఊరు. నా కొడుకు ఇంటింటికీ తిరిగి అడుక్కోవడమేమిటని మొదటి ఏడు ఒంటికాలి మీద లేచాను. మా అత్త చెవిన వేసుకోలేదు. మా ఆయన నోట్లో నాలుక లేని మనిషి, తల్లి ముందు మరీను.

అయితే వాడికి ఆ పండుగ నచ్చింది. నడక గట్టిపడిందో లేదో, ఆకుపచ్చ గుడ్డ తలకు చుట్టుకుని, తనకంటే పొడుగున్న నెమలీకలు పట్టుకుని గుమ్మాల ముందు నిలబడి, "ఫకీరొచ్చిండు, బిచ్చమెయ్యిండ్రి" అని అధికారంగా అరిచేవాడు. మామూలు రోజుల్లో పక్కింటికి చక్కెర తెమ్మంటే సిగ్గుపడే పిల్లవాడు వాడు. ఒక ఏడు ఇంట్లో బెల్లం నిండుకుని, టీలో వేద్దామని జోలెలోంచి చిన్న ముక్క తీశాను. వాడు చూశాడు. పొయ్యి దగ్గర బాసింపట్టు వేసుకుని కూర్చుని, "పెట్టు. వాపస్ పెట్టు" అని, నేను పెట్టేదాకా కదల్లేదు. ఆ రోజు ఇంటిల్లిపాదీ చప్పటి టీ తాగాం. మా అత్త మురిసిపోయింది. ఇంత పట్టుదల గల ఫకీరు ఊళ్లో లేడని అందరికీ చెప్పుకుంది.

కందులు నూర్చే రోజుల్లో వాడికి జ్వరం వచ్చింది. మా ఊరి ఆరెంపీ డాక్టరు టైఫాయిడ్ అన్నాడు, తర్వాత కామెర్లు అన్నాడు. మోకాళ్ల కింద నీలం మచ్చలు కనిపిస్తే బళ్లో ఎవరో కొట్టారని మా అత్త పంతులమ్మ మీదికి యుద్ధానికి పోయింది. వాడు మాత్రం రోజురోజుకీ పాలిపోయి, ఆడుకుంటున్నవాడల్లా మధ్యలో వచ్చి నా ఒళ్లో తల పెట్టేవాడు. రాయచూరులో రక్తం పరీక్ష చేయించాం. అక్కడి డాక్టరు కాగితం చూసి, మా ఆయన్ని కూర్చోమని చెప్పి, తను లేచి నిలబడ్డాడు. ఇంటికి కూడా పోకుండా అటు నుంచి అటే హైదరాబాదు వెళ్లమన్నాడు.

అక్కడి పెద్దాసుపత్రిలో రక్త క్యాన్సర్ అన్నారు. మా ఊళ్లో ఆ జబ్బు గుట్కా నమిలేవాళ్లకు, వయసు మళ్లిన ఆడవాళ్ల గర్భసంచికి వచ్చేది. పిల్లలకు వస్తుందని మాకు తెలియదు. మా ఆయన చేతులు కట్టుకుని డాక్టరమ్మతో, "మా పిలగాడు గుట్కా ఎప్పుడు ముట్టలేదమ్మా. కావాల్నంటె ఊళ్లె ఎవర్నన్న అడుగుండ్రి" అన్నాడు. బడి నుంచి తప్పుడు ఫిర్యాదు వచ్చిన తండ్రిలాగా కొడుకు తరఫున సాక్ష్యం చెప్పాడు. నాకు ఆ మనిషి మీద అంత జాలి ఎప్పుడూ కలగలేదు.

"ఇందులో ఎవరి తప్పూ లేదు. పిల్లలకు ఇది ఎందుకొస్తుందో మాకూ ఇంకా పూర్తిగా తెలియదు" అందామె.

ఆ మాట నన్ను మండించింది. ఇంత పెద్ద భవంతి కట్టుకుని, ఇన్ని అంతస్తులు ఎక్కించి, తెలియదంటుందా అనుకున్నాను. మా అత్తకు మాత్రం కారణం తెలుసు. కరోనా ఏడు పోలీసులు పీర్లను బయటికి తీయనివ్వలేదు. ఆ ఏడు వాడు ఫకీరు కాలేదు. అదీ కారణం. డాక్టరుకు తెలియని జవాబు మా అత్త దగ్గర సిద్ధంగా ఉంది. ఆ ఇద్దరిలో నేను ఎవరినీ నమ్మలేదు, ఎవరినీ కాదనలేదు. వాడి చేతికి సూది గుచ్చే చోటు వెతుకుతుంటే పట్టుకోవడానికే నాకు రెండు చేతులూ సరిపోయేవి కావు.

వైద్యం గురించి ఎక్కువ రాయను. ఎర్రటి మందు ఎక్కితే ఒంటేలు ఎర్రగా వచ్చేది. వెన్నులో సూది వేసేటప్పుడు వాడిని రొయ్యలా వంచి పట్టుకునేవాళ్లు. నోరంతా పుండ్లై, మంచినీళ్లు కూడా మంటపెడుతున్నాయని ఏడ్చేవాడు. జుట్టు దిండుకు అంటుకుని వచ్చేది. మందుల భారం చాలావరకు ఆసుపత్రీ దాతలూ మోశారు. నొప్పి భారం ఎవరూ మోయలేదు, వాడే మోశాడు.

అక్కడ ఒక ట్రస్టు ఉండేది. వాళ్ల తరఫున ఒక అమ్మాయి వార్డుకు వచ్చి పిల్లలకు రంగుల పెన్సిళ్లు ఇచ్చి కబుర్లు చెప్పేది. ఒకరోజు మా దగ్గరకు వచ్చి, పిల్లల క్యాన్సర్ మీద పరిశోధన కోసం విరాళాలు పోగుచేస్తున్నామని, పోస్టరు మీద మా వాడి ఫొటో వేయడానికి ఒప్పుకుంటారా అని అడిగింది. మా ఆయనకు మొదట అర్థం కాలేదు. మా వాడి వైద్యానికే అనుకుని దండం పెట్టాడు. ఆ పిల్ల నిజాయితీ గలది. అలా కాదని, ఈ విరాళాలు మీ అబ్బాయికి రావని, కొత్త మందులు కనిపెట్టే పనికి పోతాయని వివరంగా చెప్పింది.

జీవితంలో గట్టిగా మాట్లాడని మనిషి ఆ రోజు వార్డు అదిరేలా అరిచాడు. "మా పిలగాని మొకం జూపెట్టి అడుక్కునుడు, వేరెటోళ్లకిచ్చుడా? ఇదేం ఇన్సాఫమ్మా?"

లోపల నాకూ అదే మంట. ఆ పిల్ల కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మంచం మీద నుంచి మా వాడు, "ఎవరికక్కా?" అని అడిగాడు.

"నీ తర్వాత ఈ జబ్బుతో ఇక్కడికి వచ్చే పిల్లలకు. వాళ్లకు నీకంటే మంచి మందు దొరకాలని."

"ఆళ్లు ఇప్పుడు ఏడున్నరు?"

"ఇంకా రాలేదు నాన్నా. కొందరైతే ఇంకా పుట్టనే లేదు."

వాడు తండ్రిని కోప్పడ్డాడు. "నాయనా, నువ్వు ఊకో. ఫకీరు ఇంటికోసం అడుగుతడా?"

ట్రస్టు అమ్మాయికి ఆ మాట అర్థం కాలేదు. ఆమె మంచం పక్కన స్టూలు మీద కూర్చుంటే వాడే అంతా చెప్పాడు. దారం, బూడిద, ఐదిళ్లు, మలీద, అడిగింది ఇంట్లో ఉంచుకోకపోవడం. పుండ్ల నోటితోనే చెప్పాడు. తర్వాత ఫొటో తీస్తూ ఆమె నవ్వమంది. వాడు నవ్వలేదు. "ఫకీరు నవ్వడక్కా" అన్నాడు. ఆ పోస్టరు తర్వాత ఆసుపత్రి లిఫ్టు దగ్గర పెట్టారు. చుట్టూ మిగతా పోస్టర్లలో బోడిగుండు పిల్లలు నవ్వుతూ ఉంటారు, రోగం అంటే పుట్టినరోజు అన్నట్టు. మా వాడొక్కడే అప్పిచ్చినవాడిలా సూటిగా చూస్తుండేవాడు. నాకు ఆ ఫొటో నచ్చింది.

మందుల విడతకూ విడతకూ మధ్య ఇంటికి పంపేవాళ్లు. అలా ఇంట్లో ఉన్నప్పుడే, పొలాల్లో పత్తి గింజలు పెట్టే రోజుల్లో మొహర్రం వచ్చింది. అప్పటికి వాడి రక్తంలో తెల్లకణాలు బాగా పడిపోయి ఉన్నాయి. జనంలోకి తీసుకుపోవద్దు, పొగ తగలనివ్వద్దు, జ్వరం వస్తే ఆగకుండా తీసుకురండి అని డాక్టరమ్మ మరీమరీ చెప్పింది. పీర్ల పండుగ అంటేనే జనం, పొగ, దుమ్ము. నేను వద్దన్నాను. మా అత్త గుమ్మంలో చతికిలబడింది.

"ఒక్కపారి తప్పినందుకే గిట్లాయె. మల్ల తప్పిస్తవా? నీకు రహెం లేదా?"

"జ్వరమొస్తె హైదరాబాదు చేరకముందే పోతడు అత్తమ్మా. అప్పుడు మీ పీర్లొచ్చి మోస్తయా?"

ఇద్దరం కొంగులు దులిపి పోట్లాడుకున్నాం. వాడు లోపల మంచం మీద కూర్చుని అంతా విన్నాడు. నన్ను తిట్టలేదు, ఏడవలేదు. అన్నం మాత్రం మానేశాడు. ఎంత బతిమాలినా పళ్లెం వైపు చూడలేదు. అసలే ఎముకల గూడు. నా తలప్రాణం తోకకొచ్చింది.

ఆ సంగతి ఎలా తెలిసిందో ముజావరు మా ఇంటికి వచ్చాడు. ఊరంతా తాత అని పిలిచే ముసలాయన. లోపలికి రాలేదు. తువాలు మూతికి అడ్డంగా కట్టుకుని వీధిలోనే నిలబడ్డాడు.

"డాక్టర్ సాబ్ బయటికి తేవొద్దన్నడంట గద. తేవొద్దు బిడ్డా. ఫకీరు రాకుంటె ఇండ్లే ఫకీరు కాడికి వస్తయి. ఫికర్ జెయ్యకు" అని, మడిచిన కాగితంలో రంగుదారం గుమ్మం మీద పెట్టాడు. "ఉడుకునీళ్లల్ల కాగబెట్టి కట్టు. రంగు పోతె పోనీ, సాకు" అన్నాడు, కన్నడంలో చాలని.

నేను వాడికి తాగే నీళ్లు మరిగించే గిన్నెలోనే ఆ దారం మరిగించాను. నీళ్లు ఎర్రగా అయ్యాయి. ఆరాక వాడి మెడలో కట్టాను. మా అత్త వాడి మంచం పక్కన కిటికీ ఊచలకు బయటివైపు జోలె వేలాడదీసింది. వాడు లోపల మాస్కు పెట్టుకుని, నెమలీకలు పట్టుకుని స్టూలు మీద నిలబడ్డాడు. ముజావరు చెప్పి పంపిన ఇళ్ల ఆడవాళ్లు ఒక్కొక్కరే చేటలు పట్టుకుని వచ్చారు. వాళ్లను చూసి మిగతావాళ్లూ వచ్చారు. చాలామంది వాడిని జబ్బు పడ్డాక చూడటం అదే మొదలు. వెంట్రుకలు లేని తల, కళ్ల కింద నలుపు చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"ఏడ్వకుండ్రి. బిచ్చమెయ్యిండ్రి" అని లోపలి నుంచి గద్దించాడు వాడు. వేసిన ప్రతి మనిషికీ చెప్పాడు. "ఇది మలీదకు గాదు. దవాఖానకు రాబోయే పిల్లగాండ్లకు. కొత్త మందు కనిపెట్టనీకె."

జోలె నిండితే సంచిలో, సంచి నిండితే గోనెసంచిలో పోశాం. జొన్నలు, బెల్లం, కుడుకలు. ఊరికి తెలిసిన బిచ్చం అదే. మలీద చేయకపోతే ఎలాగని మా అత్త కంగారు పడింది. సంగతి ముజావరు దగ్గరకు పోయింది. ఆయన వీధిలోనే నిలబడి సంచి వైపు తిరిగి ఫాతెహా చదివి, తీర్పు చెప్పాడు.

"ఫకీరు ఎవరి పేరు మీద అడిగిండొ ఆళ్లకే ముట్టాలె. మనం మలీద జేసుకొని తింటె హరాం."

అందుకని ఆ గోనెసంచి మాతోపాటు హైదరాబాదు బయలుదేరింది. ఇప్పుడు చెబితే నవ్వొస్తుంది. దవాఖానలో జొన్నలు ఏం చేసుకుంటారని చదువుకున్నదాన్ని నాకైనా తట్టాలి. తట్టిందో లేదో గుర్తు లేదు కాని, తట్టినా చెప్పే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేదు. ఆసుపత్రికి పోవడానికి మాట్లాడుకున్న కారు డిక్కీలో సంచి ఎక్కించాం. దారిపొడవునా వాడు వెనక్కి తిరిగి, "ఉందా?" అని చూసుకుంటూనే ఉన్నాడు.

గేటు దగ్గర సెక్యూరిటీ అతను సంచిని లోపలికి పోనివ్వనన్నాడు. నేను వాడిని తీసుకుని పైకి వెళ్లాను. మా ఆయన ఎండలో సంచి పక్కన నిలబడ్డాడు. కబురందుకుని ట్రస్టు అమ్మాయి దిగి వచ్చింది. పరిశోధనకు జొన్నలు తెచ్చామని మా ఆయన చెప్పాడట. ఆ పిల్ల నవ్వలేదు, అందుకు ఆమెకు నేను ఇప్పటికీ రుణపడి ఉన్నాను. సంచిని ముట్టుకుని చూసి, "దీన్ని ఇక్కడే ఎక్కడైనా అమ్మి, వచ్చింది మా ఆఫీసులో కట్టవచ్చు కదా అన్నా" అందట.

"ఫకీరు బిచ్చం అమ్ముతరా అమ్మా?" అన్నాడట మా ఆయన.

పాపం ఆమె మాత్రం ఏం చేస్తుంది? జొన్నలతో మందు కనిపెట్టే పద్ధతి ఎవరి దగ్గరా లేదు. సాయంత్రం వరకు మా ఆయన అక్కడే కూర్చున్నాడు. ఆఖరికి రోడ్డుకు అవతల, దూరం ఊళ్ల నుంచి వచ్చిన రోగుల ఇళ్లవాళ్లు వండుకుని పడుకునే సత్రం ఉంటే, సంచి అక్కడ దించాడు. ఆదిలాబాదు నుంచి, బీదరు నుంచి వచ్చిన తల్లులు ఆ జొన్నలు పిండి పట్టించుకుని రొట్టెలు కాల్చుకున్నారు. వాళ్లందరి పిల్లలూ మా వాడి వార్డులోవాళ్లే. మాకూ ఆకులో చుట్టి ఒక రొట్టె పంపించారు.

వాడు ఆ రొట్టె చూసి, "ముట్టిందా?" అని అడిగాడు.

జరిగింది చెప్పాను. వాడి మొహం మాడిపోయింది. "ముట్టలేదు" అన్నాడు.

"పిల్లలే గదరా తిన్నది. నీ లెక్కనే సూదులు పొడిపించుకునెటోళ్లు."

"ఆళ్లు ఇప్పుడున్నోళ్లు. నేనడిగింది రాబోయేటోళ్లకు." రొట్టె ముట్టుకోలేదు.

ఆ తర్వాత ట్రస్టు అమ్మాయి ఎప్పుడు కనిపించినా వాడికి అదే గొడవ. "నా బిచ్చం ముట్టలేదక్కా." నీ ఫొటో చూసి ఎంతమంది ఇచ్చారో తెలుసా అని ఆమె నచ్చజెప్పేది. "అది ఫొటో అడిగింది. నేను అడిగింది ముట్టలె" అనేవాడు. ఊరందరి దగ్గరా ఒకరి పేరు చెప్పి తీసుకుని, ఇంకొకరికి పెట్టాడు తను. అదీ వాడి బాధ. పెద్దవాళ్లం మాకు అది చిన్న విషయం. వాడికి అంతకంటే పెద్ద విషయం లేదు, రోగం కూడా కాదు.

ఆ చలికాలం బాగా గడిచింది. జుట్టు ఉంగరాలు తిరిగి మొలిచింది. కొన్నాళ్లు బడికి కూడా పోయాడు. నేను కూడా మనుషుల్లో పడ్డాను, నవ్వడం గుర్తు తెచ్చుకున్నాను. ఎండలు ముదిరేసరికి పొద్దున్నే తలనొప్పి, వాంతులు మొదలయ్యాయి. ఒక కన్ను కొంచెం పక్కకు పోయింది. చూడగానే నాకు తెలిసిపోయింది. హైదరాబాదు వెళ్లేదాకా ఎవరికీ చెప్పలేదు.

జబ్బు తిరగబెట్టిందన్నారు. ఇంకా ఘాటైన మందులు పెట్టారు. వాడు వాటికి కాలిన ఆకులా ముడుచుకుపోయాడు గాని జబ్బు మాత్రం తగ్గలేదు. మళ్లీ ఎముకలోంచి మూలుగ తీసి చూశారు. మర్నాడు డాక్టరమ్మ మమ్మల్ని వార్డు పక్కన చిన్న గదికి పిలిచింది. ఆ గదిలో కుర్చీలు మెత్తగా ఉంటాయి. ఆసుపత్రిలో మెత్తటి కుర్చీలో కూర్చోబెట్టారంటేనే మనిషి అర్థం చేసుకోవాలి.

"మా దగ్గర ఉన్న మందులు అయిపోయాయి. దీనికి పనిచేసే మందు ఇంకా రాలేదు. నొప్పి లేకుండా చూసుకుందాం" అంది.

మా ఆయన, "హౌదా?" అన్నాడు మెల్లగా. కన్నడంలో 'అవునా' అని అడిగే మాట. రోజూ ఎరువుల దుకాణంలో, బస్టాండులో అనే మాట.

డాక్టరమ్మ ఇంకొకటి అడిగింది. నిన్న తీసిన మూలుగలో పరీక్షకు పోను కొంచెం మిగిలింది. మేము సరేనంటే దాన్ని దాచిపెడతారు. ఈ జబ్బు మందులకు ఎందుకు లొంగలేదో పరిశోధించేవాళ్లు చూస్తారు. కొత్తగా సూది పొడవరు. "మీ బాబుకు మాత్రం దీనివల్ల ఏ ఉపయోగమూ ఉండదు. మీతో అబద్ధం చెప్పను" అంది.

ఏం మాట్లాడానో అన్నీ గుర్తు లేవు. వాడి రక్తం తీసుకున్నారు, వెంట్రుకలు తీసుకున్నారు, ఫొటో తీసుకున్నారు, ఇంకా ఏం కావాలి మీకు, వాడి మూలుగ కూడా మీకే కావాలా అని అరిచాను. ఇవ్వనన్నాను. ఆమె నన్ను ఆపలేదు. ఇది బలవంతం కాదని, వద్దంటే పారేస్తామని చెప్పింది. ఆ పారేస్తామన్న మాట ఇంకా పొడిచింది.

వాడి వయసు పిల్లలనైతే వాళ్లను కూడా అడగాలట, అది అక్కడి పద్ధతి. అడగొద్దన్నాను. కాని వార్డు గోడలు సన్నం, నా గొంతు పెద్దది. మేము మంచం దగ్గరకు వెళ్లేసరికి వాడు లేచి దిండుకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. డాక్టరమ్మనే నేరుగా అడిగాడు.

"అది ఆళ్లకు ముడుతదా?"

ఆమెకు జొన్నల సంగతి తెలుసు. వార్డులో తెలియనివాళ్లు లేరు. మంచం అంచు మీద కూర్చుంది. "రాబోయేవాళ్లకేనా? ముడుతుంది. వెంటనే కాదు. చాలా రోజులు పట్టవచ్చు. కాని అది వాళ్ల కోసమే, ఇంకెవరికీ కాదు."

వాడు నా వైపు తిరిగాడు. ఒక చేతికి సూది కోసం పట్టీ వేసి ఉంది. ఆ రెండు చేతులూ కలిపి దోసిలి పట్టాడు. పుట్టి బుద్ధెరిగాక వాడు మా గుమ్మంలో ఎప్పుడూ అడగలేదు. ఫకీరుకు సొంతిల్లు లెక్కలోకి రాదు.

"అమ్మా, బిచ్చమెయ్యి" అన్నాడు.

గొంతులో ఆ పాత అధికారం లేదు. ఊపిరి అందక ఆగి ఆగి అన్నాడు. నేను తల అడ్డంగా ఊపాను. వాడు చేతులు దించలేదు. మంచాల మధ్య మా ఆయన గోడకు మొహం పెట్టుకుని నిలబడ్డాడు. నాకు ఆ క్షణాన కొడుకు మీద కోపం వచ్చింది, నిజంగా వచ్చింది. చచ్చిపోతున్నది నువ్వు, అడగవలసింది నీ ప్రాణం, రాబోయేవాళ్ల సంగతి నీకెందుకురా అని అరవాలనిపించింది. నా దగ్గర లేదు, పై ఇంటికి పో అని భిక్షగాళ్లతో అన్నట్టు అనాలనిపించింది.

ఆ దోసిట్లో నా చెయ్యి పెట్టాను. "తీస్కో" అన్నాను.

వాడు దోసిలి మూసి నా చెయ్యి కాసేపు అలాగే పట్టుకున్నాడు. తర్వాత డాక్టరమ్మకు తల ఊపాడు. ఆ సాయంత్రం అడిగి మరీ అన్నం తిన్నాడు. పెరుగన్నం, రెండు ముద్దలు.

ఇంటికి తెచ్చుకున్నాం. నొప్పి తగ్గే మందు చుక్కలుగా నాలుక మీద వేసేవాళ్లం. మొహర్రం నెలవంక కనిపించకముందే, ఒక మధ్యాహ్నం, మా అత్త ఒళ్లో తల పెట్టుకుని పోయాడు. ముజావరు తాత పాడె వెంట మా పొలం గట్టుదాకా నడిచి వచ్చాడు. మట్టి వేశాక మా అత్తతో ఏమీ అనకుండా పక్కన కూర్చున్నాడు. ఆమె ఆ తర్వాత ఏ దేవుడికీ ఏదీ ఒప్పుకోలేదు. అడిగితే, "సాలు" అంటుంది.

ట్రస్టు అమ్మాయి అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంది. విరాళాల కోసం వాళ్లు ఏటా ఒక నడక పెడతారు, వచ్చి నాలుగు మాటలు చెప్పమంది. ఏం చెప్పాలని అడిగాను. మీకు తోచిందే చెప్పండమ్మా అంది. నాకు తోచింది చెబితే ఎవరూ ఇవ్వరేమో అన్నాను. ఆమె నవ్వలేదు ఈసారి కూడా.

ఒకసారి నేనే అడిగాను, దాచిన ఆ మూలుగ ఎక్కడుందని. గడ్డకట్టే చలి ఉండే పెట్టెలో, వేలెడంత సీసాలో ఉందని చెప్పింది. దాని మీద పేరు ఉండదట, అంకెలే ఉంటాయట. ఎవరైనా చూశారా అని అడిగాను. ఇంకా తెలియదంది. ఆలస్యమవుతుందని ముందే చెప్పారు కదా అని తనే అంది.

అందులో ఉన్నది వాడిని చంపిన రోగమే. నాకు తెలుసు, నేను పిచ్చిదాన్ని కాను. అయినా ఈ భూమ్మీద వాడిదంటూ మట్టిలో కలవకుండా మిగిలింది అదొక్కటే. దానివల్ల ఎప్పుడో ఒక బిడ్డ బతుకుతాడని అందరూ నన్ను ఓదారుస్తారు. బతకాలి. బతికితే సంతోషిస్తాను కూడా. కాని చాలా పొద్దులు నాకు హైదరాబాదు పోయి, ఆ పెట్టె ఉన్న గది ఎక్కడుందో కనుక్కుని, కొంగు చాపి, దాన్ని నాకు వాపసు వేయమని అడగాలని ఉంటుంది. రాబోయేవాళ్లకు వాళ్ల తల్లులు ఉంటారు. నాకు నా కొడుకు కావాలి.